సోనాపూర్ మొగ నుంచి రంభ రేవు దాకా: సొంత మోటారు బోటులో ఏడు రోజులు

గంజాం తీరంలో సొంత బోటు ఉన్నవాళ్ళకు వారం రోజులకు సరిపడే దారి ఒకటి ఉంది. ఆంధ్రా సరిహద్దుకు ఆనుకున్న సోనాపూర్ దగ్గర బాహుదా మొగలో, అంటే నది సముద్రంలో కలిసే నోట్లో, నీళ్ళలోకి దిగాలి. గోపాల్‌పూర్ ముందు నుంచి ఋషికుల్య మొగకు, అక్కడి నుంచి చిలికా సరస్సు సముద్రంలోకి తెరుచుకునే నోటి గుండా సతపడాకు చేరాలి. ఆ పైన సరస్సు లోపలే కాళీజాయి గుడి దీవి, బర్కూల్ మీదుగా వెళ్ళి రంభలో బోటును ఒడ్డుకు లాగాలి. ట్రైలర్ బండి ముందే రంభకు వచ్చి ఉంటుంది. 16వ నంబరు జాతీయ రహదారి పక్కనే కాబట్టి తిరుగు ప్రయాణం రోడ్డు మీదే. వెనక్కి మళ్ళీ సముద్రం మీద రావాలన్న ఆలోచన పెట్టుకోవద్దు. దక్షిణపు గాలి మొదలైతే అది ఎదురుగాలి అవుతుంది, వారం కాస్తా పది రోజులవుతుంది.

సముద్రం మీద దూరం పెద్దదేం కాదు. సోనాపూర్ నుంచి ఋషికుల్యకు సుమారు 43 కిలోమీటర్లు, ఋషికుల్య నుంచి చిలికా నోటికి సుమారు 55. మంచి బోటుకు రెండు పొద్దుటి పూటల పని. అయినా ఏడు రోజులు ఎందుకంటే ఈ దారిలో మూడు మొగలు దాటాలి, అవి మన క్యాలెండరు చూసి తెరుచుకోవు. బాహుదాలో బయటికి వెళ్ళాలి, ఋషికుల్యలో లోపలికి వచ్చి మళ్ళీ బయటికి పోవాలి, చిలికాలో లోపలికి రావాలి. ఆ నాలుగు దాట్లే ఈ ప్రయాణం. మిగతాదంతా వాటికోసం ఎదురుచూడడం, వాటికి సిద్ధపడడం. ఏ రోజు ఎక్కడ పడుకోవాలని ముందు రాసుకుని ఆ తరువాత పోటు సమయాలు చూసేవాళ్ళు తలకిందులుగా పని చేస్తున్నట్టే. ముందు పోటు, తరువాత గాలి, ఆ తరువాతే రోజులు.

కాలం గురించి మొదట. అక్టోబరు, నవంబరు నెలలు తుపానులవి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటింది. డిసెంబరులో ఈశాన్యపు గాలి ఇంకా బిగువుగా ఉంటుంది, తీరం వెంట నీటి వాలు కూడా దక్షిణానికి ఉంటుంది, అంటే మనకు ఎదురు. మార్చి నుంచి మధ్యాహ్నం దక్షిణపు గాలి రేగుతుంది. నదుల్లో నీరు తగ్గి మొగలు ఇసుకతో కూడుకుపోయేదీ అప్పుడే. ఫిబ్రవరి సగం నుంచి ఋషికుల్య ఒడ్డున తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వేలాదిగా ఎక్కే రోజులు. ఇవన్నీ తీసేస్తే సంక్రాంతి దాటిన వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా మిగులుతుంది. సంక్రాంతి రోజుల్లో కాళీజాయి దగ్గర మకర మేళా జనంతో, జనాన్ని మోసే పడవలతో సరస్సు నిండిపోతుంది. ఆ మూడు నాలుగు రోజులు కూడా తప్పించాలి.

ఆ మూడు వారాల్లోనూ ఏ వారమన్నది పోటు పట్టిక చెబుతుంది. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం). ఒక పోటుకూ తరువాతి పోటుకూ 12 గంటల 25 నిమిషాలు. రోజు రోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పున్నమి, అమావాస్యల దగ్గర నీటి తేడా మీటరున్నర అటూ ఇటూ ఉంటుంది, అష్టమి దాటాక సగానికి పడిపోతుంది. మనకు కావలసింది ఎక్కే నీరు, అదీ పొద్దున్నే. జనవరిలో తెల్లవారుజామున నేల మీంచి సముద్రంవైపు చల్లని పలుచని గాలి ఉంటుంది. పది, పదకొండు దాకా నీరు నునుపుగా ఉండి, ఆ తరువాత సముద్రపు గాలి మొదలవుతుంది. సోనాపూర్‌లో బయటికి వెళ్ళేటప్పుడూ ఋషికుల్యలో లోపలికి వచ్చేటప్పుడూ రెండుచోట్లా నీరు ఎక్కుతూనే ఉండాలి. అంటే పట్టికలో పోటు ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య పడే రోజు చూసుకుని, దానికి రెండు గంటల ముందు, అంటే సూర్యోదయం అవుతుండగా బయలుదేరాలి. గంటకు 28 కిలోమీటర్లు నడిస్తే పోటు నిండేసరికి ఋషికుల్య ముందు ఉంటారు. రెండు రోజుల తరువాత పోటు పదిన్నర దగ్గరికి జరుగుతుంది, చిలికాకు వెళ్ళే ఎక్కువ దూరానికి అది సరిపోతుంది. ఈ లెక్క కుదరని వారం వదిలేసి, కుదిరే వారానికి సెలవు పెట్టండి.

దిగే నీటిలో మొగ దాటకూడదని అందరూ అంటారు. కారణం తెలిస్తే ఆ మాట ఎవరూ మీరరు. పాటు సమయంలో లోపలి నీరంతా సన్నని పాయలోంచి బయటికి దూకుతుంది. బయటి నుంచి వచ్చే కెరటం దానికి ఎదురు తగలగానే కెరటానికీ కెరటానికీ మధ్య దూరం తగ్గి, ఎత్తు పెరిగి, ముఖం నిలువుగా లేస్తుంది. అడుగున ఇసుక మేట మీద అప్పటికే లోతు తగ్గి ఉంటుంది. అర మీటరు అల కూడా అక్కడ మీటరున్నర గోడలా విరుగుతుంది. అదే చోట రెండు గంటల ముందు తెడ్డుపడవ కూడా దాటి ఉంటుంది.

కెరటం ఎత్తు ఒక్కటే చూడడం ఇంకో పొరపాటు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ ఇచ్చే సముద్ర సూచనలో ఎత్తుతోపాటు కెరటాల మధ్య వ్యవధి సెకన్లలో ఉంటుంది. ఏడెనిమిది సెకన్లయితే అది దగ్గరి గాలి పుట్టించిన అల. పద్నాలుగు దాటితే ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టి వేల కిలోమీటర్లు నడిచి వచ్చిన ఉబ్బు. లోతు నీటిలో అది కనిపించనే కనిపించదు, బోటు మెల్లగా లేచి దిగుతుంది, అంతే. మేట మీదికి వచ్చేసరికి అదే రెండింతలై విరుగుతుంది. వ్యవధి 12 సెకన్లు దాటిన రోజున ఎత్తు 0.8 మీటరే ఉన్నా మొగ దాటవద్దు. అది మా గీత. మీరు ఇంకా దిగువన గీసుకున్నా తప్పులేదు.

మొగ ఎక్కడుందో ఫోనులోని మ్యాపు చెప్పలేదు. ఈ తీరం వెంట ఇసుక ఏడాదంతా మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. నది నోటి దక్షిణపు కొస పెరుగుతూ నోటిని ఉత్తరానికి నెడుతుంది. వరదో తుపానో వచ్చినప్పుడు తెగి కొత్తచోట తెరుచుకుంటుంది. చిలికా నోటికీ అంతే. పాత దారి పూడిపోతూ సరస్సులో ఉప్పు తగ్గిపోతుంటే 2000 సెప్టెంబరులో సిపకూడా దగ్గర కొత్త నోరు తవ్వి తెరిచారు. ఆ తరువాత కూడా నోళ్ళు జరుగుతూ, కొత్తవి తెరుచుకుంటూ వచ్చాయి. కాబట్టి మూడు పనులు చేయాలి. ఒకటి, సెంటినెల్-2 ఉపగ్రహపు తాజా ఫోటో దించుకోవాలి. అది ఉచితం, అయిదు రోజులకోసారి కొత్తది వస్తుంది, 10 మీటర్ల వివరం కనిపిస్తుంది, విరిగే కెరటాల తెల్లచారలు స్పష్టంగా తెలుస్తాయి. రెండు, వారం ముందు రోడ్డు మీద వెళ్ళి పాటు వేళ ఒడ్డున నడిచి పాయ ఎటు తిరిగిందో కళ్ళతో చూడాలి. మూడు, అక్కడి తండేలును, అంటే పడవ నడిపే పెద్దను, ఒకరిని మాట్లాడుకోవాలి.

ఈ మూడోదాంట్లో డబ్బు ఆదా చేయాలని చూడవద్దు. సోనాపూర్, గోపాల్‌పూర్, ఆర్యపల్లి వైపు సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. ఒడియావాళ్ళు నోలియాలని పిలిచేది వీళ్ళనే. “మామా, మొగలో నీరెంతుంది, ఏ పక్క పాయ ఉంది?” అని అడిగితే పాటుకు ఎన్ని బారలు, పోటుకు ఎన్ని బారలు, నిన్న ఎవరి పడవ ఎక్కడ తగిలింది అన్నీ చెబుతారు. మన బోటులోనే ముందు కూర్చుని దారి చూపమని అడగండి. కుదరకపోతే ఆయన పడవ వెనకాల యాభై మీటర్ల దూరంలో మన బోటు నడపండి. కూలి ముందే మాట్లాడుకోవాలి. వేటకు వెళ్ళాల్సిన పూట మన కోసం ఆగుతున్నాడు కాబట్టి ఆ పూట వేట విలువకు తగ్గకుండా ఇవ్వడం న్యాయం.

బోటు సంగతి. ఈ దారికి 22 నుంచి 26 అడుగుల ఫైబర్ బోటు సరిపోతుంది. అడుగు వి ఆకారంలో ఉండాలి, కానీ మరీ లోతుగా వద్దు. ఇంజను కిందికి దించినప్పుడు 80 సెంటీమీటర్లు, ఎత్తినప్పుడు 45 సెంటీమీటర్ల నీటిలో నడవగలగాలి. చిలికా మధ్యభాగంలో చాలాచోట్ల లోతు మీటరు, మీటరున్నర, అంతే. 90 హెచ్‌పి ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డు (బోటు వెనక బయట తగిలించే ఇంజను) ఒకటి, పక్కన 9.9 హెచ్‌పి చిన్నది ఒకటి ఉంటే మంచిది. చిన్నదానికి పెట్రోలు ట్యాంకు, గొట్టం, ఫిల్టరు వేరుగా ఉండాలి. పెద్ద ఇంజను ఆగిపోయేది చాలాసార్లు పెట్రోలు వల్లే. ఒకే ట్యాంకుకు రెండూ తగిలిస్తే రెండూ కలిసే ఆగిపోతాయి.

పెట్రోలు గురించి ఇంకొంచెం చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చాలా అవుట్‌బోర్డు కంపెనీల పుస్తకాలు 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. మీ ఇంజను పుస్తకం ముందు చదవండి. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. సగం ఖాళీ ట్యాంకులో ఉప్పుగాలి తగులుతూ రెండు మూడు వారాలు ఉంటే నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోతాయి. గొట్టం మొన ఉండేది అడుగునే. ఇంజను స్టార్టవుతుంది, రేవులో బాగానే నడుస్తుంది. మొగలో కెరటం కుదిపినప్పుడు అడుగు నీరు ఒక్కసారిగా లాగి ఆగిపోతుంది. అందుకే బయలుదేరే ముందురోజే తాజా పెట్రోలు పోయించాలి. ట్యాంకుకూ ఇంజనుకూ మధ్య 10 మైక్రాన్ల నీరు వడకట్టే ఫిల్టరు ఉండాలి, దానికింద పారదర్శకమైన గిన్నె ఉంటే ఇంకా మంచిది. రోజూ పొద్దున్న కొద్దిగా పెట్రోలు గాజు సీసాలోకి వదిలి చూడండి. అడుగున గీత కనబడితే గీత పోయేదాకా తీయండి. ఫిల్టర్లు మూడు అదనంగా ఉంచుకోండి. పాత రబ్బరు గొట్టాలు ఇథనాలుకు మెత్తబడి లోపల పొరలు ఊడతాయి. అయిదేళ్ళు దాటినవి మార్చేయండి.

ఎంత పోయించాలి? 90 హెచ్‌పి ఇంజను నలుగురితో, సామానుతో గంటకు 28 కిలోమీటర్లు నడిస్తే గంటకు 15 లీటర్ల దాకా తాగుతుంది, అంటే కిలోమీటరుకు 0.55 లీటరు. ఋషికుల్య నుంచి చిలికా నోటికి 55 కిలోమీటర్లంటే 30 లీటర్లు. నోరు బాగాలేకపోతే వెనక్కి ఋషికుల్యకే రావాలి. పూరీ దగ్గర ఆశ్రయం లేదు, పారాదీప్ చాలా దూరం. మరో 30. గాలి ఎదురైతే ఖర్చు సగం పెరుగుతుంది, అది ఇంకో 30. మొత్తం 90 లీటర్లు ట్యాంకులో లేకుండా ఋషికుల్య వదలవద్దు. 120 లీటర్ల ట్యాంకు ఉన్న బోటు అయితే నిశ్చింత. ట్యాంకును బోటు ట్రైలర్ మీద ఉండగానే బంకులో నింపించండి. లైసెన్సు లేకుండా డబ్బాల్లో ఉంచుకోగలిగేది 30 లీటర్లే. మధ్యలో గంజాం ఊరి నుంచి ఆటోలో తెచ్చుకునేటప్పుడు కూడా ఆ హద్దులోనే, ఇనుప జెర్రీక్యానుల్లో తెచ్చుకోండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, బోటు అడుగుకు దిగి నిలుస్తుంది. పోసిన తరువాత మూతలన్నీ తీసి అయిదు నిమిషాలు ఆరనిచ్చాకే తాళం తిప్పాలి. గ్యాసు పొయ్యి బోటులో వెలిగించవద్దు. వంట ఒడ్డునే. నీళ్ళ మీద ఉన్న పూట అటుకులు, అరటిపళ్ళు, పులిహోర చాలు. మంచినీళ్ళు మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన పెట్టుకోండి.

అదనపు సామానులో తప్పనిసరివి: నీటిపంపు ఇంపెల్లరు, స్పార్కు ప్లగ్గుల సెట్టు, ప్రొపెల్లరు, దాని నట్టు, పిన్ను, ప్రైమర్ బల్బు, గేరు ఆయిలు ఒక లీటరు. మొగలో అడుగు ఇసుక లేచి ఇంజనులోకి పోతుంది, ఇంపెల్లరు రెక్కలు అరిగిపోతాయి. ఇంజను వెనక నుంచి చిమ్మే సన్నని నీటిధార ప్రతి మొగ దాటాక చూడాలి. పలచబడితే ముందు తీగతో ఆ రంధ్రం పొడవండి, అప్పటికీ రాకపోతే ఇంపెల్లరు మార్చండి. లంగర్లు రెండు. ఒకటి వెడల్పు రెక్కలది, చిలికా బురదలో అదే పట్టుతుంది. 8 నుంచి 10 కిలోల లంగరుకు 10 మీటర్ల గొలుసు, 60 మీటర్ల 12 మిల్లీమీటర్ల నైలాన్ తాడు. లోతుకు అయిదింతల తాడు వదలాలి, గాలి ఉంటే ఏడింతలు. అణియం (బోటు ముందుభాగం) నుంచే వేయాలి. అమరం నుంచి వేస్తే ఇంజను బరువున్న వెనకభాగం మీద కెరటం ఎక్కి బోటు నిమిషాల్లో నిండిపోతుంది.

కాగితాలు. చిలికా లోపల తిరిగే మోటారు బోట్లు 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం కిందికి వస్తాయి. రిజిస్ట్రేషను, సర్వే సర్టిఫికెట్టు, బీమా కావాలి. చేపల పడవ అని రాసిన కాగితం విహారానికి చెల్లదు. చిలికా అభివృద్ధి సంస్థనూ వన్యప్రాణి విభాగాన్నీ ముందే రాతపూర్వకంగా అడగండి. నలబణ పక్షుల రక్షిత ప్రాంతంలోకి బోటు పోకూడదు, దాని అంచు చుట్టూ తిరిగిపోవాలి. సముద్రం వైపు మరో రెండు సంగతులు. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య మొగ దగ్గర 20 కిలోమీటర్ల లోపు తాబేళ్ళ కోసం వేట నిషేధం. మనం వేటాడకపోయినా గస్తీ బోటు ఆపుతుంది. బోటులో వల ముక్క, గాలం, ఏమీ ఉండకూడదు. సరదాకు ఒక గాలం తీగ ఉన్నా మాట నిలవదు. రెండోది, గోపాల్‌పూర్ దగ్గర గోళాబంధలో సైన్యపు ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. వాళ్ళ కాల్పుల పరీక్షలు సముద్రం వైపే. కాల్పుల రోజులను ముందుగా ప్రకటిస్తారు. కలెక్టరేటులోగానీ మెరైన్ పోలీసు స్టేషనులోగానీ అడిగి తెలుసుకోకుండా ఆ కాలేజీ ముందు నుంచి వెళ్ళవద్దు.

మెరైన్ పోలీసులకు ఒక కాగితం ఇవ్వండి. ఎవరెవరు, ఆధార్ నకళ్ళు, బోటు రంగు, ఏ పూట ఎక్కడి నుంచి ఎక్కడికి, చేరకపోతే ఏ గంటకు వెతకడం మొదలుపెట్టాలి. చేరాక ఫోను చేయడం మరిచిపోవద్దు. సముద్రంలో ఆపదకు కోస్టు గార్డు నంబరు 1554, తీర పోలీసులకు 1093. వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో ఉంచాలి. శాటిలైటు ఫోను అనుమతి లేకుండా మన దేశంలో నేరం, విదేశం నుంచి ఎవరైనా తెచ్చిచ్చినా ముట్టుకోవద్దు.

ఇక రోజుల వారీగా. మొదటిరోజు సముద్రంలోకి పోవద్దు. సోనాపూర్ ఉప్పుటేరులో బోటు దించడానికి గట్టి ర్యాంపు ఉంటుందని నమ్ముకోకండి. ఇసుకలో కారు చక్రాలు దిగబడతాయి, పడవలు లాగే ట్రాక్టరును మాట్లాడుకోవాలి. పూర్తి బరువుతో, అంటే నలుగురు, నీళ్ళు, నిండు పెట్రోలు వేసుకుని లోపలి పాయలోనే గంటసేపు తిప్పండి. బోటు ముందుభాగం లేవకపోతే సామాను వెనకనుంచి మధ్యకు మార్చండి. ఈ పరీక్ష ఖాళీ బోటుతో చేస్తే ఏమీ తెలియదు.

రెండోరోజు తెల్లవారగానే మొగ. దాటే ముందు పాయ లోపలి అంచులో ఆగి ఇరవై నిమిషాలు కెరటాలను చూడండి. అవి గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి, తరువాత కాసేపు చిన్నవి. ఆ సందు ఎంతసేపు ఉంటోందో గడియారం పట్టి చూడండి. లైఫ్ జాకెట్లు ఒంటిమీద, మూతలు బిగించి, వదులు తాళ్ళన్నీ లోపల. బయటికి పోయేటప్పుడు కెరటానికి దాదాపు ఎదురుగా వెళ్ళాలి, శిఖరం దగ్గరికి రాగానే వేగం తగ్గించాలి. వేగం మీద ఎక్కితే బోటు గాలిలోకి లేచి అడుగు నేలకు కొట్టుకున్నట్టు పడుతుంది. నడుములు విరిగేది అప్పుడే. శిఖరం దాటగానే మళ్ళీ వేగం పెంచాలి. సగం దారిలో వెనక్కి తిరగడం అన్నింటికంటే ప్రమాదం. తిరిగే ఆ మూడు సెకన్లలో బోటు అడ్డంగా ఉంటుంది. బయలుదేరే ముందే తేల్చుకోవాలి.

బయటికి వచ్చాక ఒడ్డుకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలో, లోతు ఆరేడు బారలకు తగ్గకుండా ఈశాన్యానికి పోవచ్చు. గోపాల్‌పూర్ దీపస్తంభం, తరువాత పోర్టు అలకట్టలు ఎడమవైపు కనిపిస్తాయి. పోర్టు ముందు పెద్ద ఓడలకు దారి వదిలి దూరంగా తిరగాలి. అది విహార బోట్ల రేవు కాదు. ప్రాణాపాయం అయితే 16వ ఛానెల్‌లో పిలిచి ఆశ్రయం అడగాలి. దారంతా వలలకోసం ఒకరు అణియంలో నిలబడి చూడాలి. జెండా కట్టిన కర్ర ఒకటి కనిపిస్తే రెండో కొస ఎక్కడో ఉంది, మధ్యలో థర్మోకోల్ ముక్కలు, ప్లాస్టిక్ సీసాలు తేలుతుంటాయి. దగ్గర్లోని పడవను చేయెత్తి అడిగితే ఎటు పోవాలో చూపిస్తారు. వల ప్రొపెల్లరుకు చుట్టుకుంటే వెంటనే ఇంజను ఆపి, ఎత్తి, చేత్తో విప్పండి. కోయక తప్పకపోతే వలగల ఆయనను పిలిచి ఆయన ముందే కోసి నష్టం కట్టివ్వండి. చెప్పకుండా కోసి పోయిన బోటుకు ఆ ఒడ్డున మళ్ళీ ఎవరూ దారి చూపరు, వాళ్ళ తప్పేమీ లేదు. ఆ సాయంత్రం ప్రొపెల్లరు ఊడదీసి షాఫ్టు మీద నైలాను తీగ మిగిలిందేమో చూడాలి. వెంట్రుకంత తీగ కూడా సీలును కోస్తుంది, నీరు లోపలికి పోయి గేరు ఆయిలు పాలలా తెల్లబడుతుంది, నెలలోపు గేరుబాక్సు పోతుంది.

ఋషికుల్యకు అయిదు కిలోమీటర్ల ముందు నుంచి వేగం గంటకు 10 కిలోమీటర్లకు దించండి. జనవరిలో తాబేళ్ళు మొగ ముందే గుమిగూడి ఉంటాయి. నీటి మీద నల్లని ముద్దలా తల, దాని వెనక వీపు కనిపిస్తుంది. ప్రొపెల్లరు తగిలిన తాబేలు బతకదు. వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది, కానీ చట్టం భయంతో కాదు, అంతదూరం ఈదుకొచ్చిన దాన్ని మన విహారం కోసం చంపే హక్కు మనకు లేదు. రాత్రి అక్కడ ఆగితే సముద్రం వైపు ఒక్క దీపం కూడా కనబడకూడదు.

లోపలికి వచ్చే దాటు బయటికి పోయే దాటుకంటే కష్టం, ఎందుకంటే కెరటాలు వెనకనుంచి వస్తాయి, వాటి విరిగే ముఖం మనకు కనిపించదు. పెద్ద గుంపు పోనిచ్చి, చివరి కెరటం వీపు మీద ఎక్కి, దానితో సమానంగా నడవాలి. శిఖరాన్ని దాటి ముందుకు దూకకూడదు, వెనకపడి తరువాతి కెరటానికి అందకూడదు. శిఖరం దాటి ముందుకు జారితే అణియం నీటిలో గుచ్చుకుంటుంది, అమరాన్ని కెరటం పక్కకు నెడుతుంది, బోటు అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. గేరు లీవరు మీద నుంచి చెయ్యి తీయకూడదు. అందరూ కింద, మధ్యలో కూర్చోవాలి.

మూడోరోజు ఖాళీ. ఇంజను మంచినీటితో పావుగంట కడగండి, పెట్రోలు తెప్పించుకోండి, నాలుగోరోజు సూచన చూడండి. తీరిక ఉంటే నదికి ఎగువన గంజాం దగ్గరి పోటగడ కోట చూసి రావచ్చు. గాలి అనుకూలంగా లేకపోతే ఈ ఖాళీ రోజు రెండు రోజులవుతుంది. అందుకే చిలికాలో ఒక రోజు అదనంగా పెట్టుకున్నది. అప్పటికీ కుదరకపోతే ట్రైలరును ఋషికుల్యకే పిలిపించి బోటును రోడ్డు మీద రంభకు తీసుకెళ్ళి, మిగతా వారం సరస్సులో గడపండి. దారిలో పాలూరు కాలువ ఉంది కదా అని లోపలి నుంచే చిలికాకు పోదామనుకోవద్దు. పూడిక, వంతెనలు, వలకట్లు చూసుకోకుండా ఈ కొలత బోటుతో అందులోకి దిగకూడదు.

నాలుగోరోజు చిలికా నోరు. ఇక్కడ గోపాల్‌పూర్ పట్టిక సమయాలు సరిపోవు. సరస్సు పెద్దది, నోరు చిన్నది. బయట పోటు నిండి దిగడం మొదలైనా, లోపల మట్టం ఇంకా తక్కువే కాబట్టి నీరు కొంతసేపు లోపలికే పోతూ ఉంటుంది. అందుకే పట్టికలోని పోటుకు ఒక అరగంట అటూ ఇటూ అయినా ఇక్కడ కంగారు లేదు. కానీ తిరిగిందంటే మాత్రం జోరు ఎక్కువ. నోటి బయట కిలోమీటరు దూరంలో ఆగి, సతపడా వైపు తండేలుకు ముందే చేసిన ఏర్పాటు ప్రకారం ఫోను చేసి, ఆయన పడవ కనిపించాకే లోపలికి రండి. ఆ పడవ రాకపోతే, తెల్లచార ఎడతెగకుండా కనిపిస్తే, వెనక్కి తిరగండి. ఆ 90 లీటర్లు పోయించింది ఇందుకే.

లోపలికి వచ్చాక ప్రయాణం పూర్తిగా వేరు. సతపడా ముందు కాలువలో ఇరవాడీ డాల్ఫిన్లు ఉంటాయి. వెంబడించకండి. కనీసం 50 మీటర్ల దూరంలో ఇంజను తటస్థంలో పెట్టి ఆగితే అవే పైకి తేలతాయి. ఇక్కడి నుంచి ఒడియా రావాలి. కర్రతో చూపిస్తూ “ఏఠి కేతే పాణి” అని అడిగితే లోతు చెబుతారు. మగరముఖ దాటి పెద్ద సరస్సులోకి వచ్చేచోట రెండు పక్కలా ఖండా వలలు, వెదురు గుంజలు. వల తీసేసినా గుంజ నీటికింద మిగిలిపోతుంది, అది ఫైబర్ అడుగును చీల్చగలదు. గంటకు 8 కిలోమీటర్లు దాటకుండా, ఇంజను సగం ఎత్తి, అణియంలో ఒకరు గెడతో లోతు చూస్తూ పోవాలి. నీటిగడ్డి ఇంజను నీటి రంధ్రాలను మూసేస్తుంది. ఇంజను వేడెక్కిందని గంట మోగితే ఆపి, ఒక నిమిషం వెనక గేరులో నడిపితే గడ్డి ఊడిపోతుంది.

జనవరి పొద్దుటి మంచులో కదలవద్దు, ఎనిమిదింటికి విడుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక కూడా పెద్ద నీటిలో ఉండవద్దు. లోతులేని నీటిలో గాలి లేపే అల పొట్టిగా, నిటారుగా, దగ్గర దగ్గరగా ఉంటుంది, సముద్రపు అలకంటే బోటును ఎక్కువ కుదుపుతుంది. కాళీజాయి చుట్టూ ఇది మరీ ఎక్కువ. అందుకే సతపడా నుంచి బర్కూల్ ఆరోరోజు పొద్దున్న, బర్కూల్ నుంచి రంభ ఏడోరోజు పొద్దున్న. ఐదోరోజు సతపడాలోనే. నలబణ అంచున బాతుల గుంపులు కనిపిస్తే ఇంజను శబ్దానికి లేవకుండా దూరంగా పోవాలి. శీతాకాలమంతా అవి దాచుకునే కొవ్వు తిరుగు ప్రయాణానికి, మనం లేపిన ప్రతిసారీ అది ఖర్చవుతుంది. రంభ వైపు నీరు కాస్త లోతు, కొండల చాటు ఉంటుంది, బోటు నడపడానికి చిలికాలో అన్నింటికంటే సుఖమైన భాగం అది.

వాంతులకు అవోమిన్ మాత్ర ముందురోజు రాత్రే వేసుకోవాలి, కెరటం మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవదు. అది నిద్ర తెస్తుంది కాబట్టి చుక్కాని పట్టేవాళ్ళు వేసుకోకూడదు.

రంభలో బోటు ట్రైలర్ ఎక్కగానే ఇంజనును మంచినీటితో పావుగంట కడిగి, గేరు ఆయిలు కింది స్క్రూ విప్పి చూడండి. తెల్లగా ఉంటే సీలు మార్చేదాకా నడపకూడదు. ఇంజను తుప్పు పట్టకుండా దాని బదులు తామే అరిగే జింకు కడ్డీలు సగం అరిగితే మార్చండి. చిలికాలాంటి ఉప్పు తక్కువ నీటిలో ఎక్కువ తిరిగేవాళ్ళకు జింకు కంటే అల్యూమినియం కడ్డీలు మేలు. ట్రైలరు బేరింగుల్లోకి ఉప్పునీరు పోయి ఉంటుంది, బరంపురం చేరాక ఆ వారంలోనే విప్పి కొత్త గ్రీజు పెట్టించండి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు తీసి కారులో పోసేయండి, మళ్ళీ నీళ్ళలో దించేదాకా బోటులో ఉంచవద్దు.